ఏ అంకుల్?

చైనాలో ఇంగ్లీషు నేర్చుకునే పిల్లవాడు నిఘంటువులో ‘అంకుల్’ అన్న మాట దగ్గర ఆగితే, ఎదురుగా ఒక అర్థం కాదు, ఒక వరసే కనిపిస్తుంది: బోఫు, షూఫు, జ్యోఫు, గూఫు, యీఫు. నాన్నకు అన్న అయితే బోఫు, తమ్ముడైతే షూఫు. అమ్మ తోడబుట్టినవాడు జ్యోఫు. మేనత్త భర్త గూఫు. పిన్ని, పెద్దమ్మల భర్త యీఫు. 2001లో అక్కడి విద్యాశాఖ మూడో తరగతి నుంచే ఇంగ్లీషు మొదలుపెట్టాలని నిర్ణయించింది. అంటే చిన్న వయసులోనే ఈ మాట ఎదురవుతుంది. ‘ఏ అంకుల్?’ అని ఆ పిల్లవాడు అడిగితే, అది తెలియక అడిగిన ప్రశ్న కాదు. తన భాష బాగా తెలుసు కాబట్టి అడిగిన ప్రశ్న. ‘అందరూ అంకుల్లే’ అనేసి టీచరు పేజీ తిప్పేస్తే ఒక మంచి పాఠం చేజారినట్టే.

తెలుగువాళ్ళకు ఈ చిక్కు విడమరచి చెప్పనక్కర్లేదు. పెదనాన్న, బాబాయి, మేనమామ మనకూ వేరువేరు మనుషులు. అయితే మేనత్త భర్తను మనం మామయ్య అనే అంటాం, పెద్దమ్మ భర్తను పెదనాన్న అంటాం, పిన్ని భర్తను బాబాయి అంటాం. చైనా వాళ్ళు అలా కలపలేదు. పైగా పుట్టిన వరసకు వాళ్ళిచ్చే విలువ చాలా పాతది. పెద్దకొడుకు బో, రెండోవాడు ఝోంగ్, తర్వాతివాడు షూ, కడగొట్టువాడు జీ. కన్ఫ్యూషియస్‌కు పెద్దయ్యాక పెట్టిన పేరు ఝోంగ్‌ని. ఆ పేరు వినగానే రెండో కొడుకని తెలిసిపోతుంది. రెండు వేల ఏళ్ళు దాటిన వాళ్ళ నిఘంటువు ‘అర్‌యా’లో చుట్టరికాల పేర్లకే ఒక అధ్యాయం ఉంది.

మరి ఇంగ్లీషు ఎప్పుడూ ఇంత పేదగానే ఉందా? లేదు. వెయ్యేళ్ళ కిందటి ఇంగ్లీషులో నాన్న సోదరుడు ‘ఫ్యాడెర’, అమ్మ సోదరుడు ‘ఏఆమ్’. 1066లో నార్మన్లు ఇంగ్లండును గెలిచాక ఫ్రెంచి మాటలు వరదలా వచ్చి చేరాయి. వాటితోనే ‘ఓంక్ల్’ వచ్చింది. వచ్చి ఆ రెండు పాత మాటలనూ నెట్టేసింది. రెండోది మాత్రం స్కాట్లండులో, ఉత్తర ఇంగ్లండు మాండలికాల్లో ‘ఈమ్’గా కొంతకాలం మిగిలింది. ఈ ఫ్రెంచి మాటకు తల్లి లాటిన్‌లోని ‘అవుంకులుస్’. ‘అవుస్’ అంటే తాత, ‘అవుంకులుస్’ అంటే చిన్న తాత. రోమన్లు ఆ మాటను అమ్మ సోదరుడికే వాడారు. నాన్న సోదరుడికి ‘పాత్రూస్’ అన్న వేరే మాట ఉండేది. ‘ఆంట్’ కథ కూడా ఇదే. దాని మూలం ‘అమిత’, అంటే నాన్న సోదరి. పిన్నికీ పెద్దమ్మకూ వేరే పేరు ఉండేది. మూలానికి వెళితే అంకుల్ అంటే మేనమామ, ఆంట్ అంటే మేనత్త. మన ఇళ్ళల్లో ఈ ఇద్దరిదే ప్రత్యేక స్థానం కనుక, ఈ సంగతి తెలిసినప్పుడు నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు.

అంతకన్నా ఆశ్చర్యపరిచేది చైనా భాషలోనే ఉంది. పాత చైనీసులో ‘జ్యో’ అంటే మేనమామ ఒక్కడే కాదు, కోడలికి మామగారు కూడా. ‘గూ’ అంటే మేనత్త, అత్తగారు కూడా. మన మామ, అత్త అచ్చం ఇలాగే రెండు పనులు చేస్తాయి. మేనరికం ఉన్న చోట మేనమామే మామగారవుతాడు. చైనాలో కూడా ఒకప్పుడు మేనరికాలు విరివిగా ఉండేవనడానికి కొందరు పండితులు ఈ మాటలనే సాక్ష్యంగా చూపుతారు. ఒకే ఇంటిపేరు వాళ్ళ మధ్య పెళ్ళి కూడదన్న కట్టుబాటు అక్కడా ఉండేది, కానీ మేనమామ పిల్లలకు ఆ ఇంటిపేరు అడ్డు ఉండేది కాదు. 1980 నాటి పెళ్ళిళ్ళ చట్టం మూడు తరాల లోపు రక్తసంబంధీకుల మధ్య పెళ్ళిని నిషేధించాక చట్టం దృష్టిలో మేనరికం ముగిసింది. ఆ మాటలు మాత్రం పాత పుస్తకాల్లో సాక్ష్యం చెబుతూనే ఉన్నాయి.

వాడుకలో ఇంకో చిక్కుంది. చైనా పిల్లలు పోలీసును ‘జింగ్‌చా షూషు’ అంటారు, అంటే పోలీసు బాబాయి. పక్కింటి లీ గారు ‘లీ షూషు’. దీన్ని మాటకు మాట ఇంగ్లీషులోకి తెచ్చి లండన్‌లోనో న్యూయార్క్‌లోనో పోలీసును అంకుల్ అని పిలిస్తే వాళ్ళకు అర్థం కాదు. అక్కడ అంకుల్ తర్వాత సాధారణంగా ఇంటిపేరు రాదు, సొంత పేరే వస్తుంది. సింగపూర్‌లో మాత్రం టాక్సీ డ్రైవరైనా టీ అమ్మే పెద్దాయనైనా అంకులే. మన ఊళ్ళల్లోనూ అంతే.

ఈ మాట బరువు అనువాదకుడికి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. ‘అంకుల్ టామ్స్ క్యాబిన్’ను 1901లో లిన్ షూ, వెయ్ యీ చైనీసులోకి తెచ్చినప్పుడు పేరులో అంకుల్‌ను వదిలేసి, నల్ల బానిసలు ఆకాశానికి మొరపెట్టుకోవడం అన్న అర్థంతో కొత్త పేరు పెట్టారు. చెహోవ్ నాటకం ‘అంకుల్ వాన్యా’ అక్కడ ‘వాన్యా జ్యోజ్యో’ అయింది. అందులోని సోన్యా అనే అమ్మాయికి వాన్యా అమ్మ వైపు వాడని నాటకం చదివితేనే తెలుస్తుంది. అనువాదకులు చదివారు, సరైన పేరు పెట్టారు. హ్యారీ పాటర్ కథలోని వెర్నన్ అంకుల్ అక్కడ యీఫు. అతని భార్య పెటూనియా హ్యారీ తల్లికి అక్క కాబట్టి, మన వరసలో వెర్నన్ పెదనాన్న అవుతాడు. ఎంత చేదు మనిషైనా సరే!

1980 ప్రాంతం నుంచి 2015 దాకా చైనాలో ఒక్క బిడ్డ విధానం నడిచింది. అమ్మా నాన్నా ఇద్దరూ ఒంటరి సంతానమైతే ఆ బిడ్డకు సొంత బోఫు లేడు, షూఫు లేడు, జ్యోఫు లేడు. ఆ పేర్లను పాఠంలో నేర్చుకోవాల్సిందే. కాబట్టి అక్కడైనా ఇక్కడైనా అంకుల్ పాఠం చెప్పే టీచర్లకు నా విన్నపం ఒక్కటే. ముందు పిల్లల చేత ఇంట్లో అడిగించి తమ చుట్టాల పేర్లు, వరసలు వాళ్ళ భాషలోనే రాయించండి. ఇంగ్లీషు మాట ఆ తర్వాత చెప్పండి. ఇంగ్లీషు కథలను తెలుగులోకి తెస్తున్నవాళ్ళు కూడా ‘అంకుల్’ కనిపించిన చోట ఆగి, ఆ కుటుంబంలో అతను ఎవరి వైపు వాడో, పెద్దో చిన్నో చూసి రాయండి.