మళ్లీ ఏడాది దాకా దొరకవు!

క్యారెట్, బీన్స్, క్యాప్సికం... ఎండాకాలం వెళ్లినా వానాకాలం వెళ్లినా కూరగాయల షాపులో అవే పలకరిస్తాయి. అందుకే చాలా ఇళ్లలో వంటల వరస ఏడాది పొడవునా మారదు. సోమవారం దొండకాయ, మంగళవారం బెండకాయ! ఇక పిల్లలకి కాలాన్ని బట్టి వచ్చే రుచి అంటే గుర్తొచ్చేది మామిడిపండు ఒక్కటే. కానీ మన నేల మీద ఇంకొన్ని రుచులున్నాయి. అవి మనం రమ్మంటే రావు. వచ్చినప్పుడే పట్టుకోవాలి. కొన్ని నెలరోజులుంటాయి, కొన్ని పట్టుమని పదిహేను రోజులు కూడా ఉండవు. ఆ కాస్తా దాటిందా... మళ్లీ ఏడాది ఆగాల్సిందే.

చిగురుతో మొదలు

ఉగాది పచ్చడిలో చిటికెడు వేసి మర్చిపోయే వేపపువ్వు నిజానికి ఏడాదంతా పనికొచ్చే సరుకు. రాలిన పువ్వు ఏరి, చెత్త తీసి, నీడన ఆరబెట్టి డబ్బాలో పోసుకుంటే చాలు. నేతిలో వేయించి వేడన్నంలో కలుపుకోవచ్చు. నోరు బాగాలేనప్పుడు చారు పెట్టుకోవచ్చు.

దాని వెనకే వస్తుంది చింతచిగురు. కాస్త ఎరుపు కలిసిన లేత ఆకైతే మంచిది. కడిగి, గుడ్డ మీద ఆరబెట్టి, అరచేతుల మధ్య నలిపితే ఈనెలు విడిపోతాయి. పప్పు చేసేటప్పుడు ఒక్క జాగ్రత్త... కందిపప్పు మెత్తగా ఉడికాకే చిగురు కలపాలి. ముందే వేస్తే ఆ పులుపుకి పప్పు ఓ పట్టాన ఉడకదు. చింతపండు ఎలాగూ అక్కర్లేదు. తెలంగాణలో దీన్ని మటన్‌తోనూ, కోస్తాలో రొయ్యలతోనూ వండుతారు. పూర్తిగా ఎండబెట్టి దాచుకుంటే వానాకాలంలోనూ పొడి చేసుకోవచ్చు.

ఒకటే చెట్టు... మూడు కాలాలు

ఎండలు ముదిరాక తాటిముంజెలు వస్తాయని అందరికీ తెలుసు. అక్కడితో ఆ చెట్టు కథ అయిపోలేదు. కోయకుండా వదిలేసిన కాయలు శ్రావణ, భాద్రపదాల నాటికి పండుతాయి. ఆ గుజ్జులో బియ్యప్పిండో, రవ్వో, బెల్లమో కలిపి కాల్చే తాటిరొట్టె గోదావరి జిల్లాల్లో ఎంతోమందికి చిన్ననాటి రుచి. గుజ్జు తీసిన టెంకల్ని మట్టిలో పాతిపెడితే చలికాలానికి తేగలవుతాయి. వాటిని తవ్వి, కాల్చి కట్టలుగా అమ్ముతారు. పీచుతో నిండిన తేగ ఒకటి నమిలితే చాలు, పిల్లలు చిప్స్ ప్యాకెట్ అడగడం కాసేపు మర్చిపోతారు!

తొలకరి తెచ్చే కూర

వాన పడగానే ఎదురుచూడాల్సింది బోడకాకర కోసం. కోస్తాలో ఆకాకర అంటారు. దీని దుంప నేలలో నిద్రపోయి, తొలకరికి చిగురిస్తుంది. పైగా ఆడ తీగ వేరు, మగ తీగ వేరు. అందుకే విరివిగా సాగు చేయడం కష్టం, ధరా ఎక్కువే. అడవి అంచు ఊళ్లవాళ్లు ఏరి తెచ్చి రోడ్డు పక్కన కుప్పలు పోసి అమ్ముతుంటారు. కాకరలా చేదుండదు కాబట్టి ఉప్పు రాసి పిండే పని లేదు. గింజ ముదిరితే తీసేసి, చక్రాల్లా తరిగి వేయించి, వెల్లుల్లి కారం చల్లితే సరి.

పుట్టగొడుగులూ ఈ వానలకే లేస్తాయి. చెదలు పుట్టలోపల పెంచుకునే బూజు నుంచి వచ్చే రకం ఇది. పాలపుట్టగొడుగుల్లా షెడ్లలో పెంచలేరు. రుచి గొప్పదే కానీ, విషపూరితమైనవీ వీటిలాగే కనిపిస్తాయి. ఏళ్ల తరబడి ఏరుతున్నవాళ్ల దగ్గర తప్ప కొనకండి. అనుమానం ఉంటే వదిలేయడమే మేలు.

ఆషాఢంలో మునగాకు తినాలన్న పెద్దల మాటలోనూ బలముంది. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రచురించిన పట్టికల ప్రకారం వంద గ్రాముల మునగాకులో క్యాల్షియం 300 మిల్లీగ్రాములకు పైనే.

చలికాలం గింజలు

కార్తీకంలో ఉసిరి వస్తుంది. వనభోజనాలకే పరిమితం చేయక, ఆవిరి మీద ఉడికించి గింజ తీసి, ఉప్పూ పసుపూ వేసి ఊరబెడితే నెలల తరబడి పచ్చడికి ఢోకా లేదు.

చలి ముదిరాక రాయలసీమ సంతల్లో అనపకాయలు గుట్టలు పడతాయి. చిత్తూరు, అనంతపురం వైపు వీటితో చేసే పితికిపప్పు చాలా ఇష్టంగా తింటారు. గింజలు ఒలిచి, నానబెట్టి, ఒక్కోదాన్నీ వేళ్లతో పితికి పొట్టు తీస్తారు. ఆ పేరు అలా వచ్చిందే. రాగిసంగటిలోకి దీన్ని మించింది లేదంటారు. అయితే ఇంటిల్లిపాదీ కూర్చుంటే కబుర్లలో తేలిపోయే ఆ పని, ఇల్లాలి ఒక్కదాని మీదే పడితే పూటంతా పడుతుంది. అలాంటి వంటలు ఇళ్లలోంచి మాయమవుతున్నాయంటే ఆశ్చర్యమేముంది? పితికిపప్పు తినాలనుంటే టీవీ ముందు కూర్చున్న అందరి చేతుల్లోనూ తలా గుప్పెడు గింజలు పెట్టడమే మార్గం!

ఎలా తెలుస్తుంది?

ఉమ్మడి రాష్ట్రంలో 1999లో రైతుబజార్లు మొదలయ్యాయి. అక్కడ రాసిపెట్టే ధరల బోర్డును వారం వారం గమనించండి. ఏ కూర ధర వరసగా దిగుతోందో అదే ఆ వారం కాలానికి తగ్గ కూర. తాజాగానూ ఉంటుంది, పర్సుకీ భారం కాదు. బోర్డులో లేనివి బజారు బయట గంపల్లో ఉంటాయి. ఆకు తెచ్చిన అవ్వని 'ఎలా వండుతావమ్మా' అని అడిగి చూడండి. కొలతలతో సహా చెబుతుంది.

చెట్టు ఉంటేనే...

వీటిలో చాలావాటికి విత్తనాల కంపెనీ లేదు, కోల్డ్ స్టోరేజీ లేదు. రోడ్డు పక్క చింత, చెరువుగట్టు తాడి, పొలం గట్టు మీద పుట్ట... ఇవి ఉన్నంతకాలమే ఆ రుచులు. రోడ్డు వెడల్పు చేయడానికి ఒక చింతను కొడితే నీడ పోయిందని బాధపడతాం. ఆ చిగురు అమ్ముకుని రెండు నెలలు ఇల్లు నడిపే మనిషి ఆదాయం, ఊళ్లో పది ఇళ్ల పప్పూ కూడా దాంతోనే పోతాయి. కొనేవాళ్లుంటే ఏరేవాళ్లుంటారు. ఏరేవాళ్లుంటే ఆ చెట్టు విలువ ఊరికి గుర్తుంటుంది.

అందుకే ఈ ఏడాది ఒక చిన్న పని పెట్టుకోండి. గోడ మీది క్యాలెండర్‌లో పాలు, పేపర్ లెక్కల పక్కనే ఇదీ రాయండి. మీ ఊళ్లో చింతచిగురు ఏ వారం వచ్చింది, బోడకాకర తొలిసారి ఎప్పుడు కనిపించింది, కిలో ఎంత, ఎవరి దగ్గర కొన్నారు... ఇంట్లో అమ్మమ్మో నానమ్మో ఉంటే వండే తీరు కూడా చెప్పించుకుని రాసుకోండి. డిసెంబర్ అయిపోగానే ఆ క్యాలెండర్‌ని మాత్రం పాత కాగితాల్లో వేసేయకండి. వచ్చే ఏడాది ఏ వారం ఏ సంచీతో బయల్దేరాలో చెప్పేది అదే!