గోల్కొండలో మేనమామ లేని పిల్లలకు



మన నేలకొండపల్లిలో పుట్టిన కంచెర్ల గోపన్న కథ మీకు తెలిసినదే. భద్రాచల రామదాసుగా పేరు పొందకముందు ఆయన పాల్వంచ పరగణాకు తహసీల్దారు. గోల్కొండ తానీషా కొలువులో ఉన్న అక్కన్న, మాదన్నలు ఆయనకు మేనమామలని, వారి వల్లనే ఆ ఉద్యోగం వచ్చిందని పెద్దలు చెబుతారు. అది 17వ శతాబ్దపు మాట.

మొన్న ఆదివారం ఆరాధన ముగిశాక మన సంఘపు కుర్రవాడొకడు ఆ కథ గుర్తుకు తెచ్చాడు. ఎలక్ట్రికల్ ఇంజనీరింగు మూడో సంవత్సరం చదువుతున్నాడు. "అయ్యగారూ, సెలవుల్లో ఇంటర్న్‌షిప్పు చెయ్యాలి. మా క్లాసులో కొందరికి మామయ్యలు, బాబాయిలు కంపెనీల్లో ఉన్నారు. మాకెవరున్నారు? పట్నంలో ఒకాయన ఆరు వేలు కడితే వెళ్లకుండానే సర్టిఫికెట్టు ఇస్తానంటున్నాడు. మిర్చి అమ్మిన డబ్బులోంచి ఇస్తానని నాన్న అన్నాడు" అన్నాడు.

ఇంటర్న్‌షిప్పంటే ఏమిటో తెలియని తల్లిదండ్రులకు ఒక మాట. చదువుకుంటుండగానే కొన్ని వారాలో, నెలలో ఒక పనిచోట ఉండి అక్కడివారి చేతికింద నేర్చుకోవడమే అది. వెనుకటి రోజుల్లో కమ్మరి కొలిమి దగ్గర పిల్లలు కూర్చుని నేర్చుకున్నట్టే. కొన్నిచోట్ల భత్యం ఇస్తారు, చాలాచోట్ల ఇవ్వరు. చదువు ముగిసినవారికి 1961 నాటి అప్రెంటిస్ చట్టం కింద ఇచ్చే శిక్షణ వేరు. దానికి భత్యం ఇవ్వాలని చట్టమే చెబుతోంది. ఈ రెంటినీ కలిపి మాట్లాడి డబ్బు గుంజే దళారులున్నారు.

వెళ్లని చోటికి వెళ్లినట్టు కాగితం కొనుక్కోవడం అబద్ధ సాక్ష్యమే. అంతకంటె వేరే పేరు నాకు తెలియదు. కాని వద్దని చెప్పి ఇంటికి పంపేస్తే ఆ బిడ్డ ఏం చేస్తాడు?

అపొస్తలుల కార్యములు 9వ అధ్యాయం చూడండి. సౌలు యెరూషలేముకు వస్తే శిష్యులు భయపడి దగ్గరకు రానివ్వలేదు. బర్నబా అతన్ని అపొస్తలుల యొద్దకు తోడుకొనిపోయి, దారిలో ప్రభువు అతనికి కనబడిన సంగతి, దమస్కులో అతడు ధైర్యంగా బోధించిన సంగతి వివరించాడు. తనకు తెలిసిన నిజం చెప్పాడు, అంతే. 11వ అధ్యాయంలో తార్సుకు వెళ్లి, వెదకి, అంతియొకయకు తీసుకువచ్చి, ఒక ఏడాది తనతోపాటు పనిలో ఉంచుకున్నాడు. పైరవీకీ పరిచయానికీ తేడా ఇక్కడే ఉంది. అర్హత లేనివాణ్ణి వెనుక తలుపున దూర్చేది పైరవీ. ఉన్నవాణ్ణి ఉన్నట్టు చూపించేది పరిచయం.

మందిరం వరండాలో కూర్చుని, మన సంఘస్థులకు తెలిసినవారి పేర్లు రాయమన్నాను. ఒక అక్క కొడుకు కొత్తగూడెం సింగరేణిలో, ఒకరి తోడల్లుడు సారపాక కాగితం మిల్లులో, ఇంకొకరి అన్న పాల్వంచ థర్మల్ కేంద్రంలో, ఖమ్మం గ్రానైటు ఫ్యాక్టరీలో ఇద్దరు. అతని కాలేజీలో చదివి వెళ్లిన సీనియర్లు, పాఠం చెప్పే మాస్టారు. అరగంటలో పదకొండు పేర్లు వచ్చాయి. గోపన్న ఏలిన పాల్వంచలోనే కరెంటు తయారవుతోంది, ఇతడు చదివేది కరెంటు చదువే!

అయితే అడిగే తీరు ఉంది. "ఏదైనా ఇప్పించండి" అంటే ఎదుటివారు బెదిరిపోతారు. "అన్నా, మీ పని గురించి పది నిమిషాలు చెబుతారా? విద్యార్థులను తీసుకుంటారా? దరఖాస్తు ఎవరికి, ఏ నెలలో రాయాలి?" అని అడగాలి. పేరు, కాలేజీ, ఏ చదువు, ఏమి వచ్చు, ఏ తేదీల్లో ఖాళీ, ఇవన్నీ ఐదారు వాక్యాల్లో ఫోనులో పంపితే చాలు. వారం చూసి మరొక్కసారి గుర్తుచేయవచ్చు. రోజూ విసిగించకూడదు. పెద్ద సంస్థలు సాధారణంగా కాలేజీ ప్రిన్సిపాలు ఉత్తరం అడుగుతాయి, కనుక రెండు మూడు నెలల ముందే మొదలుపెట్టాలి. పని దొరికినా దొరక్కపోయినా సహాయం చేసినవారికి కబురు చెప్పాలి. మన పిల్లలు ఇది మరచిపోతారు.

ఆడపిల్లలను పంపడానికి తల్లులు జంకుతారు. తప్పు పట్టను. కాని పౌలు ఫీబేను చేర్చుకోమని రోమా సంఘానికి రాయలేదా? కొత్తగూడెంలోనో ఖమ్మంలోనో ఒక విశ్వాసి ఇంట్లో నెల రోజులు వసతి చూడమని ఆ సంఘ కాపరికి రాయడానికి నాకు ఒక కార్డు ముక్క చాలు.

నా తప్పు కూడా ఒకటి ఒప్పుకోవాలి. ఇన్నేళ్లూ అడిగినవారికే ఉత్తరాలు రాశాను. అడిగేది ఎప్పుడూ ముందు వరుసల్లో కూర్చునే కుటుంబాలే. కూలికి వెళ్లే ఇళ్ల పిల్లలు సిగ్గుపడి గుమ్మం దగ్గరే ఆగిపోయారు. ఇకమీదట నేనే వారి ఇళ్లకు వెళ్లి అడుగుతాను. ఉత్తరంలో మాత్రం నాకు తెలిసినదే రాస్తాను. సండే స్కూలులో ఇచ్చిన పని మానలేదని రాయగలను గాని, మోటార్ల సంగతి అతనికి బాగా వచ్చునని నేనెలా రాయను?

పాల్వంచలోని ఆ అన్న మరునాడు రాత్రే ఫోను చేశాడు. అవకాశం ఇవ్వడం పై అధికారి చేతిలో ఉందని, ప్రిన్సిపాలు ఉత్తరం తీసుకుని శుక్రవారం రమ్మని చెప్పాడట. కుర్రవాడు ఉత్తరం కోసం కాలేజీకి వెళ్లాడు. మిర్చి డబ్బు వాళ్ల నాన్న దగ్గరే ఉంది.