జాలితో పాటు ఓ నోటుపుస్తకం

పాలవాడు రాని రోజు క్యాలెండర్లో సున్నా చుట్టుకుంటాం. ఇస్త్రీకిచ్చిన బట్టలు లెక్క రాసుకుంటాం. పిల్లల టీకాల కార్డు బీరువాలో దాచుకుంటాం. మరి ఇంటికి తెచ్చుకున్న కుక్కపిల్లకో?

ఈ ప్రశ్న నాకు ఆలస్యంగా తట్టింది. వానలో తడుస్తున్న ఓ కుక్కపిల్లను నాలుగు నెలలు సాకి, తెలిసినావిడ ద్వారా ఒక కుటుంబానికి ఇచ్చాను. టీకా వేయించాను గానీ చీటీ దాచలేదు. వాళ్ల చిరునామా కూడా రాసుకోలేదు. కొన్నాళ్లకి అది పక్కింటి పాపను కరిచిందని కబురొచ్చింది. "రేబిస్ టీకా ఎప్పుడు వేయించారండీ?" అని అడిగితే నోట మాట రాలేదు. పాపకు సూదులు వేయించారు, గండం గడిచింది. కానీ భయపడిన ఆ ఇంటివాళ్లు కుక్కను ఎక్కడో వదిలేసి వచ్చారు. కరిచిన కుక్కను పది రోజులు కనిపెట్టి ఉండాలంటారు డాక్టర్లు. ఆ వీలూ పోయింది, కుక్కా పోయింది.

కుక్కపిల్లల్ని పెంచి అమ్మేవాళ్లు రికార్డులు ఉంచాలని 2017 నిబంధనలు చెబుతున్నాయి. పెంపుడు జంతువుల దుకాణాలకు 2018లో నిబంధనలు వచ్చాయి. వీధికుక్కలకు ఆపరేషన్లు చేసే సంస్థలు కూడా ఏ కుక్కను ఎక్కడ పట్టుకున్నదీ రాసిపెట్టాలని 2023 నిబంధనల్లో ఉంది. డబ్బుకు అమ్మేవాళ్లకే లెక్కలుంటే, జాలితో ఇచ్చే మనకు వద్దా?

పెద్ద పనేం కాదు. ఒక నోటుపుస్తకం చాలు. ఎప్పుడు, ఎక్కడ దొరికింది, రంగు, గుర్తులు, ఒక ఫొటో. ఏ టీకా ఏ తేదీన వేశారు, మళ్లీ ఎప్పుడు వేయాలి. టీకా సీసా మీది చీటీ అక్కడే అంటించమని డాక్టర్‌ని అడగండి. ఆపరేషన్ అయిందా లేదా. కొన్నాళ్లు సాకింది ఎవరు, తీసుకెళ్లింది ఎవరు, వాళ్ల చిరునామా, ఫోను నంబరు, సంతకం. "పెంచలేకపోతే మాకే తిరిగి ఇవ్వండి" అని ఒక వాక్యం. వాటి నకలు వాళ్లకూ ఒకటి.

"సంతకం అడిగితే ఏమనుకుంటారో" అని మొహమాటపడకండి. మనసున్నవాళ్లు ఏమీ అనుకోరు. సంతకానికే జంకేవాళ్లు రేపు దాని జబ్బుకీ, ఆకలికీ జవాబుదారీ అవుతారా?

నెలకోసారి ఫోన్ చేసి "ఎలా ఉందండీ?" అని అడిగి, ఆ తేదీ కూడా రాసుకోండి. మూగజీవి తన కథ తాను చెప్పుకోలేదు. దాని తరఫున మనమే రాసిపెట్టాలి.