ఇంటికెళ్ళి ఉత్తరం రాస్తాం

మా చిన్నప్పుడు పెళ్ళిచూపులకు వచ్చినవాళ్ళు బజ్జీలూ కేసరీ తిని, లేవబోతూ ఒక మాట అనేవారు: "ఇంటికెళ్ళి ఉత్తరం రాస్తాం." రాకపోతే దాని అర్థమేమిటో అందరికీ తెలుసు. మా మేనత్తకు మూడేళ్ళపాటు ఆ ఉత్తరం రాలేదు. పోస్టుమాను వీధి మలుపు తిరిగేవేళకు ఆవిడ ఏదో పని కల్పించుకుని పెరట్లోకి వెళ్ళిపోయేది.

మొన్న సంక్రాంతికి మా మేనల్లుణ్ణి చూస్తే ఆవిడే జ్ఞాపకం వచ్చింది. బెంగుళూరులో ఉద్యోగం, ఇరవై ఎనిమిదేళ్ళ వయసు. రాత్రి రెండింటికి మంచినీళ్ళకని లేచాను గదా, దుప్పట్లో సెల్‌ఫోను వెలుగు. డేటింగ్ యాప్‌లో నచ్చిన ఫొటోను కుడికీ, నచ్చనిదాన్ని ఎడమకూ తోస్తున్నాడు. "వారమైంది, ఒక్కరూ పలకలేదు మామయ్యా. నా మొహంలోనే ఏదో ఉంది" అని నవ్వాడు. ఆ నవ్వు చూడలేకపోయాను.

టిండర్ 2012లో వచ్చింది. ఈ కుడి ఎడమల పద్ధతికి స్కిన్నర్ పావురాల ప్రయోగాలు కొంత ప్రేరణ అని, దాన్ని రూపొందించిన జోనథన్ బదీన్ 2018 నాటి ఒక డాక్యుమెంటరీలో తానే చెప్పాడు. పొడిచినప్పుడల్లా గింజ దొరికిన పావురం, గింజలు ఆగిపోతే త్వరలోనే ఊరుకుంటుంది. ఎప్పుడు దొరుకుతుందో తెలియని పావురం మాత్రం పొడుస్తూనే ఉంటుంది. అర్ధరాత్రి దాకా వీడు చేస్తున్నదీ అదే.

అలాగని పాత పద్ధతే మేలని నేననను. మేనత్త సంగతి చెప్పాను కదా. కులమూ కట్నమూ జాతకమూ అడ్డురాకుండా ఇద్దరు మనుషులు తమంతట తాము పరిచయమైతే నాకు సంతోషమే. అమెరికాలో 2017లో కలుసుకున్న స్త్రీపురుష జంటల్లో దాదాపు 39 శాతం అంతర్జాలం ద్వారానే కలిశారని స్టాన్‌ఫర్డ్‌కు చెందిన రోజెన్‌ఫెల్డ్ బృందం 2019లో ప్రకటించింది. వారిలో చల్లగా కాపురం చేసుకుంటున్నవారు ఎందరో ఉండే ఉంటారు.

నా బాధల్లా లెక్కతోనే. మేనత్త ఏడాదికి రెండు మూడుసార్లు పడిన అవమానం వీడు ఒక్క రాత్రిలో ఎన్నిసార్లు పడుతున్నాడో! ఆవిడను ఓదార్చడానికి మా నాయనమ్మ ఉండేది, తిట్టిపోయడానికి పెళ్ళిళ్ళ పేరయ్య ఉండేవాడు. వీడికి ఎవరున్నారు? పక్కగదిలో నిద్రపోతున్న మా అక్కకు అసలు సంగతే తెలియదు.

"ఒక్కో అమ్మాయిని ఎంతసేపు చూస్తావురా?" అనడిగాను.

"ఒక సెకను."

మేనత్తను చూడవచ్చినవాళ్ళు కనీసం అరగంట కూర్చునేవారు. ఒక పాట కూడా పాడించుకునేవారు.

ఫోను హాల్లో పెట్టి పడుకోమన్నాను. బుద్ధిగా పెట్టాడు. తెల్లవారుజామున నేను లేచేసరికి అది అక్కడ లేదు.