మనకు ముద్దు.. మన రైతుకు వద్దా?

అమెరికాలోని మన తెలుగు ఇళ్లలో జన్యుమార్పిడి పంటల మాట ఎత్తితే చాలు, ‘అమ్మో, విషం’ అంటారు. ఆ మాట అంటూనే కార్న్ చిప్స్ ప్యాకెట్ విప్పుతారు. ఈ దేశంలో వేసే మొక్కజొన్న, సోయా, పత్తిలో 90 శాతానికి పైగా ఆ రకాలే. 1996 నుంచి ఇదే సాగుతోంది. మార్కెట్లో ఉన్న ఈ పంటల వల్ల మామూలు పంటలకన్నా ఆరోగ్యానికి ఎక్కువ ముప్పు ఉందనేందుకు ఆధారాలు లేవని ఇక్కడి జాతీయ సైన్స్ అకాడమీలు 2016లో తేల్చాయి.

ఎవరికి నచ్చింది వారు తినొచ్చు. కానీ మన భయాన్ని వాట్సాప్‌లో ఊరికి పంపి, అక్కడి రైతుకు సలహాలివ్వడం నాకు సబబుగా అనిపించదు.

వంకాయనే తీసుకోండి. కాయతొలుచు పురుగు పడితే గుత్తి వంకాయకు పనికొచ్చే కాయ దక్కదు. అందుకే రైతు మందు మీద మందు కొడతాడు. బీటీ వంకాయలో నేలలో ఉండే ఒక బ్యాక్టీరియా జన్యువు ఉంటుంది. దానివల్ల తయారయ్యే ప్రొటీన్ ఆ పురుగును చంపుతుంది, మన కడుపులో మాత్రం మామూలు ప్రొటీన్‌లాగే అరిగిపోతుంది. మనం ఎక్కువ ధర పెట్టి కొనే ఆర్గానిక్ కూరగాయలపై కూడా ఆ బ్యాక్టీరియాతో చేసిన మందు చల్లడానికి అనుమతి ఉంది.

భారత ప్రభుత్వం 2010లో బీటీ వంకాయను ఆపేసింది. బంగ్లాదేశ్ 2013లో అనుమతించింది. అక్కడ ప్రభుత్వ పరిశోధనా సంస్థే విత్తనం ఇచ్చింది. రైతు తన పంట నుంచే మళ్లీ విత్తనం తీసి దాచుకోవచ్చు. పురుగుమందుల ఖర్చూ తగ్గింది.

ఇబ్బందులు లేవని నేననను. 2002లో మన దేశానికి వచ్చిన బీటీ పత్తి శనగపచ్చ పురుగును అదుపు చేసింది. తర్వాత గులాబీ రంగు పురుగు దాన్ని తట్టుకోవడం నేర్చింది. తెలుగు రాష్ట్రాల పత్తి రైతులు మళ్లీ మందుల షాపుల బాట పట్టారు. విత్తనంపై కంపెనీల పట్టు, నకిలీ విత్తనాల బెడద కూడా ఉన్నవే.

కాబట్టి మనం ప్రభుత్వాలను అడగాల్సినవి వేరే ఉన్నాయి. ప్రతి పంటకూ విడిగా గట్టి పరీక్షలు, ప్రభుత్వ సంస్థల నుంచి చౌకగా విత్తనం, కొనేవారికి తెలిసేలా లేబుల్. ఇవి ఉంటే వేయాలో వద్దో రైతే తేల్చుకుంటాడు. మందు డబ్బా భుజాన మోసేది, ఆ గాలి పీల్చేది అతనే కదా!