చేతులు కాలాక కొన్న హెడ్జ్

పైకి ఒప్పుకోం గానీ, ఇండెక్స్ ఫండ్లలో డబ్బులు పెట్టి రోజుకి పదిసార్లు ఫోన్ చూసుకునే బాపతే మనలో చాలామంది. నేనూ అంతే. 2025 మార్చిలో అమెరికా మార్కెట్ జారడం మొదలయ్యాక నిద్ర పట్టక, ఒక వారాంతం కూర్చుని పైథాన్లో స్క్రిప్ట్ రాశాను. ఎస్ అండ్ పీ 500 తన 200 రోజుల సగటు కింద ఉండాలి, విక్స్ వరసగా మూడు రోజులు 40 పైన ముగియాలి. రెండూ జరిగితే పోర్ట్‌ఫోలియోలో పదోవంతు తీసి, నాస్‌డాక్-100 మీద మూడు రెట్ల ఇన్వర్స్ ఫండ్‌లో పెట్టాలి. ఇండెక్స్ మళ్ళీ సగటు పైకి వస్తే అమ్మెయ్యాలి.

ఏప్రిల్ 8న సిగ్నల్ వచ్చింది. మార్కెట్ మూసేముందు కొన్నాను. మర్నాడు ట్రంప్ గారు సుంకాలకి 90 రోజుల విరామం ప్రకటించారు. నాస్‌డాక్ ఒక్కరోజులో 12 శాతం లేచింది. పన్నెండుని మూడుతో హెచ్చవేయడానికి స్క్రిప్ట్ అక్కర్లేదు కదా!

"ఏం మామా, వాన వెలిశాక గొడుగు కొన్నావా?" అన్నాడు మా రూమ్మేట్.

నిజం చెప్పాలంటే ఆ రోజు మొత్తమ్మీద నేను నష్టపోలేదు, మిగతా తొమ్మిది వంతులూ లేచాయి. మార్కెట్ లేస్తే హెడ్జ్ నష్టపోవడం దాని ఉద్యోగం. ఇన్సూరెన్స్ కట్టి, యాక్సిడెంట్ కాలేదని ఎవరూ ఏడవరు. నా గొడవ వేరే. మే 12న ఇండెక్స్ సగటు దాటేసరికి, అందులో పెట్టిన డబ్బు సుమారు సగం హుష్ కాకి.

ఇందులో రెండు తిరకాసులున్నాయి. మొదటిది, ఈ ఫండ్ల మూడు రెట్ల మాట ఒక్క రోజుకే చెల్లుతుంది. ఇండెక్స్ 100 నుంచి 90 కి పడి, మర్నాడు మళ్ళీ 100 కి వచ్చిందనుకోండి. ఇండెక్స్‌కి ఏమీ కాలేదు. మన ఫండ్ మాత్రం 100 నుంచి 130 కి లేచి, అక్కణ్ణుంచి మూడోవంతు పోగొట్టుకుని 86.67 దగ్గర ఆగుతుంది. అదే, మూడు రోజులు వరసగా 5 శాతం చొప్పున పడితే 52 శాతం లాభం. అంటే పడితే చాలదు, మన కోసం తిన్నగా పడాలి! 2008లో అమెరికా రియల్ ఎస్టేట్ షేర్లు దాదాపు 40 శాతం పడ్డాయి. వాటి మీద రెండు రెట్లు ఎదురు పందెం కాసే ప్రోషేర్స్ ఫండ్ కూడా ఆ ఏడాది సుమారు సగం పడింది. దిశ సరిగ్గా ఊహించినవాడికీ గుండు! 2009 ఆగస్టులో ఎస్ఈసీ, ఫిన్రా కలిసి, వీటిని కొని దాచుకునేవాళ్ళని హెచ్చరించాయి కూడా.

రెండోది సిగ్నల్. 50 రోజుల సగటు 200 రోజుల సగటు కిందికి దిగితే డెత్ క్రాస్ అని భయపెడతారు. 2020లో ఎస్ అండ్ పీ అడుగు తాకింది మార్చి 23న, డెత్ క్రాస్ వచ్చింది మార్చి 30న. 2025లో అడుగు ఏప్రిల్ 8న, క్రాస్ ఏప్రిల్ 14న. 2022లో మాత్రం మార్చి 14న వచ్చింది, మార్కెట్ అక్టోబరు దాకా పడింది కూడా. కానీ సిగ్నల్ వచ్చిన రెండు వారాల్లోనే ఇండెక్స్ దాదాపు 11 శాతం పైకెళ్ళింది. అప్పుడు మూడు రెట్ల ఫండ్ పట్టుకుని నిబ్బరంగా కూర్చోగలిగేవాళ్ళు ఎంతమంది? నేనైతే కాదు. గతం సగటు తీసే లెక్క, గతం అయ్యాకే చెబుతుంది. నా విక్స్ నియమమూ అదే జాతి.

నా మట్టుకు నాకు తేలిందేమిటంటే, మన అసలు రిస్కు పోర్ట్‌ఫోలియోలో లేదు. జీతం టెక్ కంపెనీది, ఆర్‌ఎస్‌యూలు అదే కంపెనీవి, ఇండెక్స్ ఫండ్‌లో సింహభాగం మళ్ళీ టెక్కే. పడితే అన్నీ కలిసే పడతాయి. ఉద్యోగం పోతే హెచ్1బీ మీదున్నవాడికి దొరికే గడువు మహా అయితే 60 రోజులు. ఆ 60 రోజుల్లో అద్దె కట్టేది ఇన్వర్స్ ఫండ్ కాదు, బ్యాంకులో ఉన్న నగదు.

అందుకే ఇప్పుడు ఆర్‌ఎస్‌యూలు చేతికి రాగానే అమ్మేస్తున్నాను. ఏడాది ఖర్చు విడిగా పెట్టాను. నిద్ర పట్టనప్పుడు షేర్ల వాటా తగ్గించుకుంటాను. ఇది కూడా హెడ్జే. దీనికి రోజువారీ రీసెట్ లేదు, ఏటా ఒక శాతం దాకా ఫండ్ ఖర్చూ లేదు. కాకపోతే మార్కెట్ లేచినప్పుడు కాస్త లాభం వదులుకోవాలి. ఆ మాత్రం ఒప్పుకోలేకే, పడినా లేచినా మనకే రావాలన్న ఆశతో, ఇలాంటి స్క్రిప్టులు రాస్తాం.

స్క్రిప్ట్ డిలీట్ చెయ్యలేదు లెండి. సిగ్నల్ ఎన్ని రోజులు ఆలస్యంగా వస్తుందో చూడ్డానికి బాగా పనికొస్తోంది.