కడుపు పోయాక ఆసుపత్రికి ఆలస్యం ఎందుకవుతోంది?

మెడికల్ షాపులో ‘కిట్’ అంటే చాలు, ఏ కిట్టో షాపాయనకు తెలుసు. షెడ్యూల్ హెచ్ మందు, డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడదు. చీటీ అడిగే షాపులూ ఉన్నాయి, అడగనివీ ఉన్నాయి. 2015 సంవత్సరం మీద ‘లాన్సెట్ గ్లోబల్ హెల్త్’ పత్రికలో వచ్చిన అధ్యయనం ప్రకారం, ఆ ఏడాది దేశంలో సుమారు 1 కోటి 56 లక్షల అబార్షన్లు జరిగాయి. అందులో నూటికి 73 ఆసుపత్రి గడప తొక్కకుండా, మాత్రలతోనే అయిపోయాయి.

మాత్రలు విషమేమీ కాదు. 9 వారాల లోపు, డాక్టర్ చూసి ఇస్తే చాలామందికి ఇబ్బంది లేకుండానే అవుతుంది. చిక్కు వచ్చేది వారాల లెక్క తప్పినప్పుడు, లోపల కొంత ముక్క మిగిలిపోయినప్పుడు. అప్పుడు కావాల్సింది అబార్షన్ తర్వాతి వైద్యం. మన ఆడవాళ్లు ఆలస్యం చేస్తున్నది అక్కడే.

ఇక్కడ ఒక విషయం విడమరిచి చెప్పాలి. మాత్రలు వేసుకున్నా, కడుపు దానంతట అదే పోయినా, బ్లీడింగ్ ఒకేలా ఉంటుంది, వైద్యమూ దాదాపు ఒకటే. పిల్లల కోసం ఏళ్ల తరబడి దువా చేసిన కోడలికి కూడా ఓపీ దగ్గర ‘ఏం మింగావు?’ అన్న ప్రశ్న తప్పదు. వైద్యం కోసం ఆ ప్రశ్న అవసరమే. పదిమంది వినేలా అడగడమే తప్పు.

భయానికి చట్టం వైపు నుంచి కూడా కారణం ఉంది. పాత ఐపీసీ 312 స్థానంలో 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత 88వ సెక్షన్ వచ్చింది. తల్లి ప్రాణం కాపాడటానికి తప్ప గర్భస్రావం చేయించడం అందులో నేరమే, తనంతట తాను చేసుకున్న స్త్రీ కూడా దాని కిందికే వస్తుంది. ఎంటీపీ చట్టం దానికి మినహాయింపు ఇస్తుంది, కానీ రిజిస్టర్డ్ డాక్టర్ చేతిలో జరిగితేనే. అందుకే షాపులో కొని మింగిన మనిషి నోరు విప్పదు. 2021 సవరణలో పేషెంటు వివరాలు బయటపెట్టిన డాక్టర్‌కు ఏడాది వరకు జైలు అని రాశారు. ఆ సంగతి చెప్పే బోర్డు వార్డులో కనిపించాలి కదా!

సంతకం గొడవ ఇంకోటి. 18 ఏళ్లు నిండిన స్త్రీకి అబార్షన్ చేయడానికి ఆమె సంతకం ఒక్కటే చాలు. భర్త, అత్త, అన్న ఎవరి సంతకమూ చట్టం అడగదు. ఇంట్లోవాళ్ల అంగీకారం తెమ్మని డాక్టర్లు పెట్టే షరతులకు చట్టంలో ఆధారం లేదని సుప్రీంకోర్టు 2022 సెప్టెంబర్ 29 తీర్పులో స్పష్టంగా చెప్పింది. అయినా ‘మీ ఆయన్ని పిలవమ్మా’ అనే మాట పోలేదు. ఆయన దుబాయ్‌లో ఉంటే?

బీకాం చదివినవాణ్ణి కాబట్టి ఖర్చు వైపు కూడా చూస్తాను. సర్కారు దవాఖానాలో వైద్యం ఉచితమే. ఆటో, తోడు వచ్చినవాళ్ల కూలి, ఇంట్లో పిల్లల్ని చూసుకునే మనిషి మాత్రం ఉచితం కాదు. ఈ లెక్కతోనే ‘రేపు చూద్దాం’ అంటారు. తొందరగా వెళ్తే, మూడు నెలల లోపు కడుపైతే, చేతి సిరంజితో శుభ్రం చేసి చాలావరకు అదే రోజు పంపిస్తారు. పాత పద్ధతి డీ అండ్ సీ బదులు ఇదే వాడమని ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా. ఇన్ఫెక్షన్ ముదిరాక వెళ్తే రక్తం ఎక్కించాలి, రోజుల తరబడి బెడ్డు మీద ఉండాలి. పైగా ఎన్ఎఫ్‌హెచ్ఎస్-5 ప్రకారం 15–49 ఏళ్ల ఆడవాళ్లలో తెలంగాణలో నూటికి 57.6 మందికి, ఆంధ్రలో 58.8 మందికి రక్తహీనత ఉంది. రక్తం పోతే తట్టుకునే ఒళ్లు కాదు మనవాళ్లది.

గంటకు రెండు ప్యాడ్ల చొప్పున రెండు గంటలు తడిసినా, జ్వరం, చెడు వాసన, ఆగని కడుపునొప్పి, కళ్లు తిరగడం ఉన్నా 108కి ఫోన్ చేయాలి. బ్లీడింగ్ ఆగకపోతే నమాజ్ సంగతేంటని ఆలిమాను అడుగుతారు, మంచిదే. అదే రోజు డాక్టర్‌నీ అడగండి అమ్మీ.

ఆసుపత్రులు ఎక్కువగా వదిలేస్తున్నది ఇంటికి పంపేముందు మాట్లాడటం. రెండు వారాల్లోనే మళ్లీ కడుపు నిలిచే అవకాశం ఉంటుంది. ఇంకో బిడ్డ కావాలంటే కనీసం 6 నెలలు ఆగమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. ఈ రెండు ముక్కలూ ఆమెకు అర్థమయ్యే భాషలో, ఉర్దూ అయితే ఉర్దూలో, అత్తగారు పక్కన లేనప్పుడు చెప్పాలి. కాపర్-టీ వేయాలా వద్దా అన్నది ఆమె ఇష్టం. అడక్కుండా వేస్తే ఆమె ఇంకోసారి ఆ గేటు దాటదు, పక్కింటి ఆడవాళ్లనూ దాటనివ్వదు.

బెడ్డు ఎక్కడ వేస్తారన్నది కూడా చిన్న సంగతి కాదు. కడుపు పోయిన మనిషిని బాలింతల వార్డులో, పక్క మంచం మీద పసిబిడ్డ ఏడుస్తుండగా పడుకోబెడతారు. వార్డు చివర ఒక మూల, ఒక పరదా సరిపోతుంది. దానికి కొత్త బడ్జెట్ కూడా అక్కర్లేదు.